ఊరి మంచినీళ్లు ఎవరి చేతిలో ఉంటే మేలు: సర్కారా, కమిటీనా, క్యాన్ ప్లాంటా?

నా మాట ముందే చెప్పేస్తా. నీళ్లు ఊరి దాకా తెచ్చే పని సర్కారుది, ఊళ్లో పంచే పని మాత్రం ఊరివాళ్ల కమిటీదే కావాలి.

సర్కారు పద్ధతిని తక్కువ చేయను. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎంత పీడించిందో అందరికీ తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు, బోర్లన్నీ అట్లాగే ఉన్న ఊళ్లో ఎన్ని చందాలు వేసుకున్నా ఏం లాభం, నది నీళ్లు పైపుల్లో రావాల్సిందే. 2016లో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన తెలంగాణ సర్కారు పథకం మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇస్తామంది, 2019లో కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లక్ష్యం 55 లీటర్లు. అంత పెద్ద పని ఊరి కమిటీలతో అయ్యేది కాదు.

అసలు గొడవంతా ట్యాంకు దాటాకే. పల్లంలో ఇళ్లకు ధారాళంగా వస్తాయి, మిట్ట మీది చివరి వీధికి సన్నటి ధార, అది చాలదన్నట్టు మధ్యలో కొందరు నల్లాకే మోటారు బిగిస్తారు. మండలంలో ఉండే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఇదంతా ఎట్లా పట్టుకుంటాడు? ఏ వీధికి ఎన్నింటికి గేట్ వాల్వ్ తిప్పాలో, ఎవరింట్లో మోటారు నడుస్తోందో బిందె పట్టుకుని నిలబడే ఆడవాళ్లకు తెలుసు. జల్ జీవన్ మార్గదర్శకాల్లో కమిటీలో సగం మంది మహిళలు ఉండాలన్నది అందుకే నాకు నచ్చింది, కానీ పేర్లు రిజిస్టర్‌లో రాసి వదిలేస్తే ఆ కమిటీ ఉన్నా లేనట్టే.

డబ్బు సంగతి కూడా. 2002 నాటి కేంద్ర మంచినీటి పథకం స్వజలధారలో ఖర్చులో 10 శాతం ఊరే భరించాలన్నారు. ఆ వాటా ఏ కాంట్రాక్టరో కట్టేస్తే ఊరికి పెత్తనం ఎక్కడ మిగులుతుంది? నెలనెలా కొంచెం వసూలు చేసి, మోటారు కాలితే మర్నాడే వైండింగ్‌కు పంపగలిగితే అదే నిజమైన భాగస్వామ్యం. వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లి కమిటీలతోనే పేరు తెచ్చుకుంది, మంచినీళ్లకూ అక్కడ ఒక కమిటీ ఉంది.

నీళ్లు శుద్ధి చేసి క్యాన్లలో అమ్మే ప్లాంటు? పైపు రాని ఫ్లోరైడ్ ఊళ్లో అవసరమే. కానీ అక్కడ శుద్ధి చేసే ఆర్వో యంత్రంలో బోలెడు నీళ్లు వృథా, పైగా కొనలేనివాళ్లు మళ్లీ బోరు నీళ్లే తాగాలి.

వచ్చే గ్రామసభలో మీ ఊరి నీటి కమిటీ సభ్యుల పేర్లు చదవమనండి, కిందటి నెల వసూలైంది ఎంతో, మోటారుకు, బ్లీచింగ్‌కు అయింది ఎంతో పంచాయతీ గోడ మీద రాయించండి.