ఓదార్పు కోసం శ్రీకాకుళం నుంచి సోంపేట దాకా: ఎక్కడ కూర్చోవచ్చు, ఎక్కడ కూర్చోలేం

ఇంట్లో మనిషి పోయాకో, డయాలసిస్ మొదలయ్యాకో, "ఒకసారి ఎక్కడికైనా వెళ్లి ప్రార్థన చేయించుకొని వద్దాం" అనే మాట ఉత్తరాంధ్ర క్రైస్తవ కుటుంబాల్లో వస్తూనే ఉంటుంది. వెళ్లడం మంచిదే. అయితే బాధలో ఉన్న మనిషికి పేరున్న చోటు కంటే మూడు గంటలు కూర్చోగల చోటు కావాలి. ఈ దారిలో చోట్లను మేము ఆ లెక్కనే తూచాం.

ముందు దిగడం సంగతి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ పట్నంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడినుంచి పట్నానికి పది కిలోమీటర్ల పైమాటే. అర్ధరాత్రి రైలు దిగి రోగిని ఆటోలో కుదుపుతూ తీసుకెళ్లడం కష్టం, కాబట్టి పగటి రైలే చూసుకోండి. విజయనగరంలో స్టేషన్ ఊళ్లోనే ఉంది గనుక ముసలివాళ్లతో వచ్చేవారికి అక్కడ దిగడం సుఖం. పలాస, సోంపేట కూడా ఇదే హౌరా లైన్లో ఉన్నాయి. కవిటి, కంచిలి వైపు బంధువులుంటే శ్రీకాకుళంలో ఆగకుండా నేరుగా అక్కడే దిగడం మేలు.

బసకు శ్రీకాకుళం, విజయనగరం రెండు పట్నాల్లోనూ ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టుపక్కల లాడ్జీలున్నాయి. ఫోన్లో మూడు సంగతులు అడగాలి: కింది అంతస్తులో గది ఉందా, బాత్రూంలో కమోడ్ ఉందా, వేడినీళ్లు ఏ గంటకు వస్తాయి. "లిఫ్ట్ ఉందండీ" అన్నంతమాత్రాన నమ్మొద్దు, కరెంటు పోతే అది నడుస్తుందా అని కూడా అడగండి. పెళ్లి ముహూర్తాల రోజుల్లో కింద ఫంక్షన్ హాలున్న లాడ్జీలో దిగితే రాత్రంతా డప్పులే. కొన్ని కాన్వెంట్లు, మిషన్ కాంపౌండ్లు గది ఇస్తాయి కానీ ముందుగా మీ ఫాదర్ గారో పాస్టర్ గారో మాట్లాడి పెట్టాలి. గేటు దగ్గరికి వచ్చి అడిగితే దొరకదు, దొరకకపోవడంలో వాళ్ల తప్పూ లేదు.

ఇక ఆరాధనలు. ఈ జిల్లాల్లో పాత సంఘాలు చాలావరకు కెనడా బాప్టిస్టు మిషన్ చలవే. 1874లో కాకినాడలో మొదలైన ఆ పని బొబ్బిలి, పర్లాకిమిడి, సోంపేటల దాకా పాకింది. ఆ చర్చిల్లో ఆదివారం ఆరాధన రెండు గంటలకు అటూ ఇటూ నడుస్తుంది. బల్లలుంటాయి, కీర్తనలుంటాయి, గొంతు చించుకోవడం తక్కువ. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం) ఉన్న ఆదివారం మరో అరగంట కలుపుకోండి. కథోలిక దేవాలయాల్లో మామూలు రోజుల పూజ ముప్పావు గంటలోపే అయిపోతుంది. మాట్లాడే ఓపిక లేనివారికి మా ఓటు దానికే: ఎవరూ పలకరించరు, వెనక వరుసలో కూర్చొని ఏడ్చినా ఎవరూ తిరిగి చూడరు. శ్రీకాకుళం 1993 నుంచి ప్రత్యేక మేత్రాసనం (బిషప్ గారి పరిధి) గనుక విచారణలు, అంటే ఫాదర్ గారి కింద నడిచే స్థానిక సంఘాలు, ఊరూరా ఉన్నాయి. పూజ వేళలు మాత్రం ఎండాకాలంలో మారతాయి.

శుక్రవారం ఉపవాస కూటాల దగ్గర జాగ్రత్త అవసరం. పొద్దున పదికి మొదలై మూడింటి దాకా సాగుతాయి, చాలాచోట్ల చాపల మీదే కూర్చోవాలి. ఇన్సులిన్ తీసుకునేవారు ఉపవాసం ఉంటే మధ్యాహ్నానికి చక్కెర పడిపోయి చెమటలు పడతాయి. పక్కవాళ్లు దాన్ని ఆత్మావేశం అనుకొని ఇంకా గట్టిగా ప్రార్థించడం మొదలుపెడతారు. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోండి, కూటం నడిపేవారికి ముందే చెప్పండి. మైదానాల్లో పెట్టే స్వస్థత సభలకు తాజాగా మనిషిని పోగొట్టుకున్నవారిని తీసుకెళ్లొద్దని మా గట్టి అభిప్రాయం. ఆ శబ్దం ఒక ఎత్తయితే, "విశ్వాసం ఉంటే బతికేవాడే" అనే మాట మరో ఎత్తు. మందులు మానేయమన్న చోటునుంచి ఆ నిమిషమే లేచి వచ్చేయాలి.

ఉద్దానం వాళ్లకు ఇంకో లెక్క ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు కిడ్నీ జబ్బు లేని వీధి తక్కువ. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ ఉన్నవారికి ఆదివారం చెడ్డ రోజు: శుక్రవారం తర్వాత మళ్లీ సోమవారందాకా గడువు గనుక ఒంట్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. వాళ్లను శనివారం తీసుకెళ్లండి. మంగళ, గురు, శనివారాల వాళ్లకు ఆదివారమే హాయి. చేతులుంచి ప్రార్థించేటప్పుడు ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతిని ఎవరినీ పట్టుకోనివ్వొద్దు, తల మీద చేయి ఉంచమనండి. ఏ ఇంటికి వెళ్లినా ప్రేమతో కొబ్బరిబొండం కొట్టి ఇస్తారు, ఇక్కడి మర్యాద అది. డయాలసిస్ రోగికి అందులోని పొటాషియం గుండెకే ముప్పు. "డాక్టరు వద్దన్నారమ్మా" అని మొదటి గుమ్మంలోనే చెప్పేస్తే ఎవరూ నొచ్చుకోరు.

సోంపేటలో ఆగవలసిన కారణం ఇంకొకటి. అక్కడి మిషన్ ఆసుపత్రిలో కంటి వైద్యం చేసిన కెనడా డాక్టరు బెన్ గలిసన్ పనికి ఆసరాగానే 1963లో ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్ అనే కంటి వైద్య సేవా సంస్థ పుట్టింది. చూపు పోయినవాళ్ల నడుమ సాగిన సేవ అది, ప్రసంగాల కంటే ఎక్కువ చెబుతుంది. దగ్గర్లోనే బారువ తీరం. పొద్దున్నే వెళ్తే వలలు లాగే మత్స్యకారులు తప్ప ఎవరూ ఉండరు, నీడ కూడా ఉండదు, తొమ్మిదికల్లా తిరిగి రావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరి తోటల్నే నేలకూల్చింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, అందుకే ఇక్కడివాళ్లు ఓపిక గురించి మాట్లాడితే వినాలనిపిస్తుంది.

చదువుకోవడానికి ఏం తీసుకెళ్లాలంటే, అందరూ 23వ కీర్తనే చెబుతారు. మొదటి వారాల్లో 88వ కీర్తన మేలు. అది చీకటితోనే ముగుస్తుంది, అయినా దేవునితోనే మాట్లాడుతుంది. విలాపవాక్యములు మూడో అధ్యాయం ఆ తర్వాత. వెంట వెళ్లేవాళ్లు మాత్రం యోబు రెండో అధ్యాయం చివర చూసుకోవాలి: బాధలో ఉన్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు ఏమీ అనకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు నోరు తెరిచాకే చెడిపోయింది.

గుడ్‌ఫ్రైడేకు వచ్చేవారు పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానానికి, అంటే సిలువ మీద యేసు పలికిన మాటల మీద ప్రసంగాలకు, సిద్ధపడాలి. చర్చి కిక్కిరిసి ఉక్కపోస్తుంది. నాలుగో మాట, "నన్నెందుకు చేయి విడిచితివి", అయ్యాక బయటికి వచ్చి గాలి పీల్చుకోవడం నామోషీ కాదు. గుమ్మం పక్కన కుర్చీ కావాలని అయ్యగారిని ముందురోజే అడగండి.

సాలూరు కుష్ఠు ఆసుపత్రి చూడాలనుకునేవారు అది ఆసుపత్రి అని గుర్తుంచుకోండి. అనుమతి లేకుండా వార్డుల్లోకి వెళ్లి ఫొటోలు తీయకూడదు. ఆ ఊరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. విజయనగరం నుంచి బస్సులో ఒక పూట పోతుంది, నీరసంగా ఉన్నవారికి వద్దు.

తిరుగు ప్రయాణంలో ఆయాసం ఎక్కువైతే పలాసలోనే దిగండి, 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి అక్కడే ఉంది. పాత రిపోర్టులు, మందుల చీటీ, డయాలసిస్ కార్డు సంచిలో అడుగున కాదు, పైన బైబిలు పక్కనే పెట్టుకోండి.