కుండీలో ట్రీ ఫెర్న్: ఆరేళ్లు పెంచాక నా సమీక్ష

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా రెండో అంతస్తు తూర్పు బాల్కనీలో 2019 వర్షాకాలం నుంచి ఒక ట్రీ ఫెర్న్‌ను, అంటే చెట్టులా కాండం మీద పెరిగే ఫెర్న్‌ను పెంచుతున్నాను. ఇది ఆస్ట్రేలియా తూర్పు తీరపు తడి అడవులకు చెందిన కూపర్ రకం. దీని దగ్గరి బంధువులు మన పశ్చిమ కనుమల్లోనూ వాగుల ఒడ్డున పెరుగుతాయి. కొన్నప్పుడు జానెడు కూడా లేని దీని కాండం ఇప్పుడు సిమెంటు కుండీలో నా నడుము ఎత్తుకు వచ్చింది. అందంలో దీనికి సాటి వచ్చే మొక్క మా ఇంట్లో లేదు. అయితే ఇది తన బాధను ఆలస్యంగా బయటపెడుతుంది కనుక, ఏ ఆకు ముందు చెడింది, ఆ ఆకులో ఏ భాగం ముందు చెడింది అన్నది గమనించడం పెంచేవారికి తప్పనిసరి.

మొదటి వేసవిలో ఆకుల కొనలు గోధుమరంగుకు మారితే దాహమనుకుని, బోరు నీళ్లు రెండు పూటలా పోశాను. కొనల ఎండు ఇంకా పెరిగింది. కుండీ అంచున తెల్లని ఉప్పు పొర చూశాక నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటర్‌తో కొలిస్తే బోరు నీళ్లు లీటరుకు 900 మిల్లీగ్రాములు దాటాయి, నల్లా నీళ్లు 300 లోపే ఉన్నాయి. అప్పటి నుంచి నేను పాటిస్తున్న గుర్తు ఇది: వడగాలి దెబ్బ అయితే గాలి తగిలే వైపు ఆకులే రెండు మూడు రోజుల్లో మాడతాయి, లవణాల వల్ల అయితే ముదురాకులన్నింటిలోనూ కొనల నుంచి లోపలికి వారాల తరబడి నెమ్మదిగా ఎండుతుంది. పట్టి ఉంచిన వాన నీటిని అడుగు రంధ్రం నుంచి ధారగా పోయేదాకా రెండు మూడు సార్లు పోసి మట్టిని కడిగాను. మాడిన భాగం మళ్లీ పచ్చబడదు కాబట్టి, వైద్యం పనిచేసిందా లేదా అన్నది తర్వాత వచ్చిన ఆకులను చూసే నిర్ణయించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మొవ్వు, అంటే కాండం పైన కొత్త చిగుళ్లు పుట్టే చోటు. 2022 మే నెలలో వారం రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి, చుట్ట విప్పుకుంటున్న నాలుగు చిగుళ్లు సగంలో ఆగి నల్లబడ్డాయి. చెట్టు పోయిందనే అనుకున్నాను. వేలితో నొక్కి చూస్తే మొవ్వు గట్టిగా ఉంది, దుర్వాసన లేదు. అంటే అది కుళ్లు కాదు, ఎండిపోవడమే. మెత్తబడి వాసన వస్తే మాత్రం ఆశ తక్కువ, ఎందుకంటే ఈ చెట్టు పెరిగేది ఆ ఒక్క చోటు నుంచే. కాండాన్ని కప్పిన గోధుమరంగు పీచు నిజానికి వేర్లే కాబట్టి, కుండీతో పాటు దాన్ని కూడా రోజూ ఉదయం తడిపాను. అయిదు వారాలకు వెండి పొలుసులతో కొత్త చుట్ట కనిపించిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

పసుపురంగు విషయం సులువు: అడుగు ఆకు ఒక్కటే పండి వేలాడితే అది వయసు, లేతాకు పాలిపోయి ఈనెలు మాత్రమే పచ్చగా ఉంటే, క్షారగుణం గల నీటి వల్ల వేర్లకు ఇనుము అందడం లేదని అర్థం.

ఇక ఆకు అడుగున వరుసలుగా వచ్చే గోధుమరంగు చుక్కల గురించి తప్పక చెప్పాలి. ఒక నర్సరీలో వాటిని పొలుసు పురుగులని చెప్పి నూనె మందు ఇచ్చారు. అది చల్లిన ఆకులన్నీ మాడిపోయాయి. అవి పురుగులు కావు, విత్తనాలకు బదులుగా ఫెర్న్‌లకు ఉండే సిద్ధబీజాల గుంపులు. ప్రతి చిన్న రెక్కలోనూ నడి ఈనెకు రెండు వైపులా ఒకే క్రమంలో ఉంటాయి. పొలుసు పురుగులు క్రమం లేకుండా, ఎక్కువగా కాడల మీద ఉంటాయి, గోటితో గీకితే ఊడివస్తాయి, తరచుగా కింది ఆకుల మీద జిగురు కనిపిస్తుంది. మందు కొట్టే ముందు ఈ పరీక్షకు ఒక్క నిమిషం చాలు.

బోరు నీళ్లే దిక్కైనవారికి, పడమటి ఎండ పడే బాల్కనీ ఉన్నవారికి దీన్ని నేను సిఫారసు చేయను. తూర్పు నీడ, నల్లా నీళ్లు, వేసవిలో గ్రీన్ నెట్ ఉంటే నిస్సంకోచంగా కొనవచ్చు. పాత ఆకులు కోసేటప్పుడు మాత్రం చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. కాడల మీది సన్నని పొలుసులు చర్మానికి దురద, కళ్లకు మంట కలిగిస్తాయి.