హెచ్‌ఎం ప్రమోషనా, స్కూల్ అసిస్టెంటుగానే ఉండిపోవడమా: ఏది మేలు?

హెచ్‌ఎం ప్రమోషన్లకి సీనియారిటీ లిస్టు బయటికొచ్చిందంటే చాలు, సాయంత్రం ఆరు దాటాక నా ఫోన్ ఊరుకోదు. "మేడం, ఈసారి నా పేరు పైనే ఉంది. తీసుకోనా, వదిలేయనా?" అడిగేవాళ్లంతా పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో క్లాసులో నిలబడ్డ స్కూల్ అసిస్టెంట్లే, అంటే హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే టీచర్లే. ప్రమోషన్‌కి కావాల్సిన డిపార్ట్‌మెంటు పరీక్షలు, ఆ 88, 97 పేపర్లు ఎప్పుడో రాసి, పాసైన సంగతి కూడా మర్చిపోయినవాళ్లు. నేను 19 ఏళ్లు లెక్కలు చెప్పాను. హెచ్‌ఎం అయ్యాక ఇది నాలుగో ఏడు. బల్లకి రెండు వైపులా కూర్చున్నదాన్నని అడుగుతారు. ఒక్కొక్కరికీ అరగంట చొప్పున చెప్పే ఓపిక తగ్గింది, అందుకే రాసేస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మొహమాటపడి అందరూ దీన్ని చివర్లో అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 స్కేళ్ల ప్రకారం స్కూల్ అసిస్టెంటుకి 44,570–1,27,480, గెజిటెడ్ హెచ్‌ఎంకి 54,060–1,40,540. తెలంగాణలో 2020 స్కేళ్లలో అవే పోస్టులకి 42,300–1,15,270, 51,320–1,27,310. చూడగానే తొమ్మిది పదివేలు పెరుగుతాయనిపిస్తుంది. అయితే అది మొదటి మెట్ల మధ్య తేడా. ఇరవయ్యేళ్ల సర్వీసున్నవాళ్లు ఆ మెట్టు ఎప్పుడో దాటేశారు. ప్రమోషన్ లేకపోయినా సర్వీసుని బట్టి ఇచ్చే 6, 12, 18 ఏళ్ల స్కేళ్లు అందుకున్నవాళ్లకి ప్రమోషన్‌తో కొత్తగా చేతికొచ్చేది అంతంతమాత్రమే. నాకు పెరిగింది వారం వారం ఇంటికెళ్లొచ్చే బస్సు ఛార్జీలకి సరిపోయింది. అదీ పల్లెవెలుగు ఎక్కితే.

బస్సు మాట ఎందుకొచ్చిందంటే, స్కూల్ అసిస్టెంటు జిల్లా పోస్టు, హెచ్‌ఎం జోన్ పోస్టు, అంటే కొన్ని జిల్లాల్లో ఎక్కడైనా వేయొచ్చు. ఇది అందరికీ తెలుసు, కానీ బడి కోరుకునే కౌన్సెలింగ్ రోజు దాకా ఎవరి మనసుకీ ఎక్కదు. మాది గుంటూరు. అప్పట్లో మా జోన్‌లో పాత గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలు మూడూ ఉండేవి. గుంటూరు చుట్టుపక్కల ఖాళీలన్నీ నాకంటే పైనున్నవాళ్లు కోరేసుకున్నారు. నా వంతు వచ్చేసరికి మిగిలింది ఒంగోలు దాటాక ఇంకో గంటన్నర పోవాల్సిన హైస్కూలు. తెలంగాణలో హెచ్‌ఎంది మల్టీజోన్ పోస్టు, రాష్ట్రం మొత్తానికి మల్టీజోన్లు రెండే కాబట్టి దూరం ఇంకా పెరగొచ్చు. అప్పటికి మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. శనివారం సాయంత్రం బయల్దేరి, ఆదివారం వారానికి సరిపడా పచ్చళ్లు, పొడులు చేసిపెట్టి, సోమవారం తెల్లవారుజామున మళ్లీ బస్సు. ఒకే బడిలో టీచరు 8 ఏళ్లు ఉండొచ్చు, హెచ్‌ఎంకి 5 ఏళ్లే. అంటే అక్కడి జనం, బడి మనకి అలవాటయ్యేలోపు పెట్టె సర్దుకోవాలి.

ఇక రోజు ఎలా గడుస్తుందన్న సంగతి. స్కూల్ అసిస్టెంటు పని తేలికని నేననను. డిసెంబరు నుంచి పదో తరగతి వాళ్లకి పొద్దునా సాయంత్రం స్పెషల్ క్లాసులు, సంచిలో ఇంటికి మోసుకెళ్లి దిద్దే పరీక్ష పేపర్లు, మార్కులు ఎక్కించే ఆన్‌లైన్ పని. ఎంత ఉన్నా ఆ పనికి ఒక హద్దుంది. గంట కొట్టారా, పీరియడ్ అయిపోయింది. సగం మిగిలిన పాఠం రేపటి దాకా ఓపిగ్గా ఉంటుంది, రాత్రి పదింటికి ఫోన్ చేసి "ఏమైంది మేడం" అనదు.

హెచ్‌ఎంకి గంట కొట్టించే అధికారముంది, తనకంటూ గంట లేదు. పొద్దున్నే ఫేషియల్ అటెండెన్స్‌లో ముఖం పడనివాళ్లు నా గది ముందు నిలబడతారు. ఆ తర్వాత గుడ్ల లెక్క, చిక్కీల లెక్క, రాగి జావ, యాప్‌లో ఫొటోలు, బాత్‌రూముల శుభ్రత. నెలలో 25 దగ్గరపడుతుంటే జీతాల బిల్లు. డీడీవో, అంటే స్టాఫ్ జీతాల బిల్లుల మీద సంతకం పెట్టే అధికారి, అంటే ఏదో హోదా అనుకున్నాను. నా సంతకం ఒక్కరోజు ఆలస్యమైతే 22 ఇళ్లలో ఈఎంఐలు ఆలస్యమవుతాయని మొదటి నెలలోనే అర్థమైంది. మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్ను, ఫిబ్రవరిలో ఇన్‌కంటాక్స్ గోల సరేసరి. అన్నిటికంటే నాకు నిద్ర లేకుండా చేసేవి పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పబ్లిక్ పరీక్షకి పంపే పిల్లల వివరాల జాబితాలు. పేరులో ఒక్క అక్షరం, పుట్టిన తేదీలో ఒక్క అంకె తప్పు పోయిందంటే ఆ పిల్లవాడు దాన్ని ఉద్యోగం దాకా మోయాలి. ఒక ఆదివారం రాత్రి ఒక తండ్రి ఆధార్ కార్డు పట్టుకుని నా అద్దె గదికే వచ్చాడు. ఆ వారం ఊరికి వెళ్లలేదు కాబట్టి దొరికాను.

ఇదంతా విని "అయితే వద్దన్నమాట" అంటారు కొందరు. ఆగండి. దూరం అలవాటవుతుంది. యాప్‌లు ఏడాదిలో వచ్చేస్తాయి, రాకపోతే కుర్ర టీచరొకరు నేర్పిస్తారు. వీటిని బట్టి తేల్చుకోవద్దు. నేను ఫోన్లో ప్రతి ఒక్కరినీ అడిగేది ఒకటే: పక్క క్లాసులో ఇంకొకళ్లు చెప్పిన పాఠం బాగా సాగితే మీ కడుపు నిండుతుందా?

చాలామంది వెంటనే "ఎందుకు నిండదు మేడం" అంటారు. కాస్త నిదానంగా ఆలోచించమంటాను. మన తృప్తి ఎలాంటిదో గుర్తు తెచ్చుకోండి. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్‌లో ఆ రెండు ఏబీ ఎక్కణ్నుంచి వచ్చిందో చివరి బెంచీ పిల్లాడికి అర్థం కాదు. బోర్డు మీద చదరం గీసి నాలుగు ముక్కలు చేసి చూపిస్తాం. వాడి ముఖం మారుతుంది. ఆ మార్పు మన కళ్ల ముందే, ఆ నిమిషంలోనే. హెచ్‌ఎంకి అలాంటి నిమిషాలు లేవు. ఉన్నా ఇంకొకరి చేతుల మీదుగా వస్తాయి, ఆలస్యంగా వస్తాయి, ఒక్కోసారి మన వల్లే వచ్చాయని ఎవరికీ తెలియదు.

నేను చేరేసరికి మా బడిలో సైన్సు ల్యాబుకి తాళం. ఎందుకంటే స్టాకు రిజిస్టరు భయం. పరికరం పగిలితే ఎవరు కట్టాలి? ఫిజికల్ సైన్స్ చెప్పే అబ్బాయికి రెండేళ్ల సర్వీసు. పిలిచి, "పగిలితే పగిలిందని రాద్దాం నాయనా, సంతకం నేను పెడతాను" అన్నాను. "సరే మేడం" అన్నాడు. వారం గడిచినా తాళం తీయలేదు. నేనే తీయించి, బూజు దులిపించి, తాళంచెవి అతని టేబుల్ మీద పెట్టి వచ్చాను. మాటల కంటే అది పనిచేసింది. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం బిల్లుల్లో తల దూర్చి కూర్చున్నాను. ల్యాబులోంచి పదో తరగతి మొత్తం ఒక్కసారిగా "ఓ..." అని అరిచింది. మెగ్నీషియం తీగ వెలిగించాడన్నమాట. లేచి వరండా దాకా వెళ్లాను, లోపలికి పోలేదు. హెచ్‌ఎం అడుగుపెడితే ఆ గోల ఆగిపోతుంది. ఆ రోజు మొత్తానికి నాకు దక్కింది ఆ "ఓ" ఒక్కటే. అది చాలిందా అంటే ఆ రోజుకి చాలింది.

చాలని రోజులూ ఉన్నాయి. మొదటి ఏడాది పదో తరగతి బి సెక్షన్ లెక్కలు నేనే ఉంచుకున్నాను. వదలబుద్ధి కాలేదు, అంతే. త్రికోణమితి మొదలుపెట్టిన వారంలో నాలుగుసార్లు మధ్యలోనే బయటికి పిలుపు. ఒకసారి ఎవరో తనిఖీకి వచ్చారు, ఒకసారి బియ్యం లారీ, ఒకసారి వీడియో కాన్ఫరెన్సు, ఇంకోసారి పిల్లాడు కింద పడ్డాడు. అయిదో రోజు క్లాసులోకి వెళ్లగానే ముందు బెంచీ అమ్మాయి అడిగింది: "మేడం, ఈరోజు పీరియడ్ మొత్తం ఉంటారా?" పొగరు లేదు, ఫిర్యాదు కూడా లేదు. నోట్సు తెరవాలో వద్దో తెలుసుకుందామని అడిగింది. మరుసటి వారం ఆ సెక్షన్ ఇంకో లెక్కల టీచరుకి ఇచ్చేశాను. నా సర్వీసులో మంచి నిర్ణయాల్లో అదొకటి. ఇప్పటికీ ఆ క్లాసు పక్కనుంచి నడవాలంటే నాకు ఇష్టముండదు.

ప్రమోషన్ వద్దన్నవాళ్లకి బాధ్యత చేతగాదనే మాట ఒకటి స్టాఫ్‌రూముల్లో తిరుగుతుంటుంది. నేనొప్పుకోను. మా పాత బడిలో తెలుగు మాస్టారు తన వంతు వచ్చినప్పుడు వద్దని రాసిచ్చేశారు. కొత్తగా చేరిన టీచరు మొదటి నెలలో ఏడుపుముఖంతో ఎవరి దగ్గరికి వెళ్తుంది? ఆయన దగ్గరికే. టైంటేబుల్ గొడవ తీర్చేది ఆయన, పొద్దున ప్రార్థనలో పిల్లలతో పద్యం చదివించేది ఆయన. కుర్చీ లేదు, గది లేదు, ఫోన్ చేసి లెక్క అడిగేవాళ్లు లేరు. "హెచ్‌ఎంలు వస్తారు పోతారమ్మా, పద్యం చెప్పేవాడు ఒకడు ఊళ్లో ఉండాలిగా" అంటారు. నాలుగున్నరకి ఇంటికెళ్లి మొక్కలకి నీళ్లు పోసుకుంటారు. పెద్దరికం, ఇల్లు రెండూ దక్కించుకున్న మనిషిని నేను దగ్గర్నుంచి చూసింది ఆయన్నే.

మరి నేనెందుకు తీసుకున్నాను? అంతకుముందు నేను పనిచేసిన ఒక బడిలో హెచ్‌ఎం గదికి మూడు ఫ్యాన్లుండేవి, లైబ్రరీ బీరువాకి మూడేళ్లు తాళం ఉండేది. పాఠం మీద ప్రేమ ఉన్నవాళ్లంతా "మనకెందుకు టెన్షన్" అని తప్పుకుంటే ఆ కుర్చీలోకి ఎవరొస్తారో అక్కడ కళ్లారా చూశాను. ఆ కోపం మీదే సంతకం పెట్టాను. కోపం ఒక ఏడాది నడిపించింది. ఆ తర్వాత నడవాలంటే పైన చెప్పిన ఆ "ఓ" రుచి తెలియాలి.

సూటిగా చెప్పమంటే, అడిగేవాళ్లలో పదింట ఏడుగురికి స్కూల్ అసిస్టెంటుగా ఉండటమే మేలంటాను. మిగతా ముగ్గుర్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఎవరూ చెప్పకుండానే ఇంకొకరి క్లాసు సర్దేవాళ్లు, స్టాఫ్‌రూములో ఇద్దరి మధ్య మాటలు లేకపోతే మూడోరోజుకి మాట్లాడించేవాళ్లు, తమ సబ్జెక్టు కాని మార్కులు కూడా చూసి బాధపడేవాళ్లు. వాళ్లు ప్రమోషన్ లేకుండానే సగం హెచ్‌ఎంలు. వాళ్లొస్తే బడి బాగుపడుతుంది, వాళ్లూ నలగరు. నలిగినా అర్థముంటుంది.

మీరు ఏ వైపో తెలియకపోతే తేల్చుకునే దారి ఒకటుంది. మీ బడిలో హెచ్‌ఎం పోస్టు ఖాళీగా ఉంటే టీచర్లలో ఒకరికి ఎఫ్‌ఏసీ, అంటే ఆ పోస్టు పూర్తి అదనపు బాధ్యత, ఇస్తారు కదా, దాన్ని తప్పించుకోకుండా ఒక ఏడాది చేసి చూడండి. జులైలో అందరికీ ఉత్సాహంగానే ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఎలా ఉన్నారో ఇంట్లోవాళ్లని అడగండి, మీ జవాబు నమ్మొద్దు. నేనైతే "బాగానే ఉన్నా" అనేదాన్ని. మా అమ్మాయి మాత్రం "నువ్వు ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ వేరే ఫోన్ ఎత్తుతున్నావమ్మా" అంది.

మిగతా దారులూ కొందరు అడుగుతున్నారు. ఎంఈవో (మండల విద్యాధికారి): మండలమంతా మీదే, తలనొప్పి కూడా మండలమంతా. జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ డైట్‌కో, రాష్ట్ర స్థాయి సంస్థ ఎస్‌సీఈఆర్‌టీకో డెప్యుటేషన్: పాఠ్యపుస్తకాలు, శిక్షణలంటే ఇష్టముంటే రెండేళ్లు హాయిగా గడుస్తాయి, తర్వాత మళ్లీ ఇదే ప్రశ్న. జూనియర్ లెక్చరర్‌గా పోయే అవకాశముంటే పోండి, అది మళ్లీ పాఠం చెప్పే ఉద్యోగమే.

వదులుకుంటానని రాసిచ్చే ముందు మాత్రం సర్వీసు రిజిస్టర్ పట్టుకుని, రూల్సు తెలిసినవాళ్లతో ఒకసారి కూర్చోండి. రాసిచ్చాక మళ్లీ తలుపు తెరుచుకుంటుందని లెక్కేసుకోవద్దు. తీసుకుంటానంటే, కౌన్సెలింగ్‌కి ముందు ఖాళీల లిస్టు తెచ్చుకుని, అందరూ కోరుకునే మొదటి మూడు బడుల మీద గీత కొట్టేయండి. మీ నంబరు వచ్చేసరికి మిగిలేలా ఉన్న మూడింటిని రాసుకుని, ఒక ఆదివారం ఇంటి దగ్గర బస్సెక్కి వాటిలో దూరపుదానికి వెళ్లి రండి. వెళ్లేటప్పుడు ఎంతసేపు పట్టిందో కాదు, తిరిగొచ్చే చివరి బస్సు ఎన్నింటికో చూసుకోండి. నేను చూసుకోలేదు.