కారు లోను: ఐదేళ్లా, ఏడేళ్లు పెట్టి సిప్ కట్టడమా?

9 శాతం వడ్డీకి 8 లక్షల లోను అనుకుందాం. ఐదేళ్లకైతే ఈఎంఐ దాదాపు 16,607 రూపాయలు, మొత్తం వడ్డీ సుమారు 1.96 లక్షలు. ఏడేళ్లకైతే ఈఎంఐ 12,871, వడ్డీ 2.81 లక్షలు. నెలకు మిగిలేది 3,736.

ఆ మిగులును రిటైర్మెంట్ కోసం సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో, పెడితే లాభమా? పన్ను పోగా 9 శాతం కంటే ఎక్కువ రాబడి వస్తేనే. 7.1 శాతం ఇచ్చే పీపీఎఫ్‌లో (ప్రభుత్వ పొదుపు పథకం) వేస్తే వడ్డీ లెక్కలో నష్టమే. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్లు ఆ 9 శాతం దాటొచ్చు, కానీ ఏడేళ్లలో ఖాయమని చెప్పలేం. ఈఎంఐ మాత్రం ఖాయం. పైగా ఏడేళ్ల లోనులో అసలు నెమ్మదిగా తగ్గుతుంది. మధ్యలో బండి అమ్మితే వచ్చిన ధర బాకీకి చాలకపోవచ్చు.

నా ఓటు ఐదేళ్లకే. అయితే దీనికీ ఒక చిక్కుంది: లోను తీరాక ఆ 16,607 ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. ఆఖరి ఈఎంఐ మరుసటి నెల నుంచే, అదే తేదీకి, అంతే మొత్తానికి సిప్ మాండేట్ (ఖాతా నుంచి డబ్బు దానంతటదే వెళ్లేలా బ్యాంకుకు ఇచ్చే అనుమతి) పెట్టేయండి. ఈఎంఐ భారమని పీఎఫ్ సొమ్ము తీయాల్సి వస్తుందంటే, తప్పు గడువుది కాదు, కారు ధరది.