కిట్ కారు బాగుంది, ఏడిపించిందల్లా ఎర్త్ వైరే

పాత మజ్డా ఎంఎక్స్-5 ఒకటి కొని, మొత్తం విప్పేసి, దాని ఇంజను, గేర్‌బాక్సు, సస్పెన్షన్ తెచ్చి కిట్ కంపెనీ ఇచ్చిన గొట్టాల ఛాసిస్‌లో బిగించిన లోటస్ సెవెన్ తరహా (పైకప్పు లేని, చిన్న రెండు సీట్ల) కారు నాది. ఇక్కడ ఇంగ్లండ్‌లోని కావెంట్రీలో మా ఇంటి గ్యారేజీలోనే కట్టాను. బరువెంత, పికప్ ఎంత అన్నవి అందరికీ తెలిసినవే. నా గోడు అంతా వైరింగ్ గురించి.

ఇలా సొంతంగా కట్టిన కార్లు రోడ్డెక్కే ముందు పాసవ్వాల్సిన ఐవీఏ టెస్టు పాసై, నంబరు వచ్చి, ఎండాకాలమంతా హాయిగా తిరిగాక మొదలైంది. ఒక సాయంత్రం వానలో కుడి ఇండికేటర్ వేస్తే పెట్రోల్ గేజిలో ముల్లు కూడా దానితోపాటు టిక్కుటిక్కుమని ఊగుతోంది. బ్రేకు తొక్కితే వెనక ఇండికేటర్ మసకబారుతోంది. ఫ్యూజులు మార్చాను, రిలే మార్చాను, ఎవరో ఆల్టర్నేటర్ అన్నారు గానీ అదృష్టం కొద్దీ ఆ ఖర్చు పెట్టలేదు. చివరికి లైట్లన్నీ వేసి, మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది వెనక లైటు ఎర్త్‌కి (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే వైరుకి) పెడితే, దాదాపు సున్నా ఉండాల్సిన చోట రెండు వోల్టులు దాటి చూపించింది.

సంగతేంటంటే, మజ్డాలో ఇనుప బాడీ మొత్తం ఎర్తే. ఇక్కడ బాడీ ఫైబర్‌గ్లాస్, కరెంటు తిరిగి వెళ్లాలంటే ఛాసిస్ గొట్టాలే దిక్కు, వాటికేమో పైన ప్లాస్టిక్ తొడుగులా పౌడర్ కోటింగ్. ఎర్త్ బోల్టు థ్రెడ్ల దగ్గర మాత్రమే ఇనుముకి తగులుతోంది, అక్కడ తడి చేరి తుప్పు పట్టింది. మాన్యువల్‌లో 'ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించండి' అని ఒక్క ముక్క ఉంది, కోటింగ్ గీకమని ఎక్కడా లేదు! బయటి అంచు 2.5 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రంగా లేకపోయినా ఫెయిల్ చేసే ఆ ఐవీఏ టెస్టుకి కూడా ఇది దొరకలేదు, ఆ రోజు లైట్లన్నీ బాగానే వెలిగాయి మరి.

రూపాయి బిళ్లంత మేర ఇనుము తళతళలాడేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన వాసలైన్ పూశాను. అది చాలదేమోనని వెనక నుంచి బ్యాటరీ దాకా లావు నల్లవైరు ఒకటి విడిగా లాగాను. ముల్లు మళ్లీ ఊగలేదు.

కిట్ వచ్చిన కొత్తలో ఆ మాన్యువల్‌ని తెగ మెచ్చుకున్నాను. సస్పెన్షన్ పేజీల వరకు ఆ మాట మీదే ఉన్నాను, బొమ్మ చూసి పానా తిప్పడమే. కరెంటు పేజీలు మాత్రం ముందే అన్నీ తెలిసినవాళ్లకి రాసినట్టున్నాయి.

కొనొచ్చా అంటే, మాకు పిల్లల్ని బడికి దింపడానికి మామూలు కారు ఇంకోటుంది కాబట్టి దీన్ని భరిస్తున్నాను, ఉన్నది ఇదొక్కటే అయితే ఆ వానాకాలమే అమ్మేసేవాణ్ణి. పవర్ స్టీరింగ్ లేని ఆ చక్రం చేతికిచ్చే మజా మాత్రం వేరే. భీమవరం నుంచి మా బావమరిది 'ఇక్కడ కట్టలేమా బావా' అంటాడు గానీ, కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టే చెప్పాక ఆ తలనొప్పి ఎందుకు, పాత ప్రీమియర్ పద్మిని కారు ఏదైనా చూసి ఉన్నదున్నట్టు బాగుచేసుకోమన్నాను. ఇక్కడ ఆర్డరిచ్చేవాళ్లు మాత్రం, కోటింగ్ వేసేముందు ఎర్త్ పాయింట్ల మీద టేపు అంటించమని కంపెనీకి ముందే చెప్పండి, రాతపూర్వకంగా.