గార్సీనియానా, త్రిఫలా, ఇసబ్‌గోలా: బరువు తగ్గడానికి ఏది మేలు?

పెళ్ళిళ్ల సీజన్ వస్తే చాలు, గార్సీనియా క్యాప్సూల్స్ మంచివా, త్రిఫల మంచిదా అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. ఈ రెండిట్లో అయితే త్రిఫలే అంటాను. మా ఇంట్లోవాళ్లకు మాత్రం ఇసబ్‌గోల్ చెబుతాను.

గార్సీనియా అంటే కేరళవాళ్లు చేపల పులుసులో వేసుకునే కుడంపులి. కూరలో దానితో పేచీ లేదు. దాన్నుంచి తీసిన హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం ఒంట్లో కొవ్వు తయారవకుండా ఆపుతుందని ఆశ. 1998లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో 12 వారాలు, రోజుకు 1500 మి.గ్రా. ఇచ్చి చూశారు. మందులేని మాత్ర వేసుకున్నవాళ్ల కంటే వీళ్లు ఎక్కువేమీ తగ్గలేదు.

తగ్గకపోతే డబ్బులే పోతాయి. నా భయమంతా కాలేయం గురించి. గార్సీనియా వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు, కొందరికి మార్పిడి దాకా వెళ్లింది. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్‌దీ ఇదే దారి: కప్పులో తాగే టీతో ఇబ్బంది లేదు గానీ, మాత్రల రూపంలో అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మి.గ్రా. చేరితే కాలేయానికి ముప్పని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఇంకో సంగతి. ఆకలి తగ్గించే సిబుట్రమైన్ అనే మందును గుండెపోటు, పక్షవాతం ముప్పు ఉందని మన దేశంలో 2011లో నిషేధించారు. 'మూలికలు మాత్రమే' అని రాసిన సన్నబడే మందుల్లో అది దొంగచాటుగా కలిసి చాలా దేశాల్లో పట్టుబడింది. అందుకే మూలికల డబ్బా మరీ వేగంగా పనిచేస్తుంటే సంతోషించకండి, అనుమానించండి.

త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. హైదరాబాద్ బేగంబజార్‌లో మూడూ విడిగా కొని పొడి కొట్టించుకోవచ్చు, ఏం తింటున్నామో తెలుస్తుంది. విరేచనం సాఫీగా అవుతుంది, పొట్ట తేలికపడుతుంది. మొదటి వారం తగ్గే బరువు మటుకు చాలావరకు మలం, నీరే. నడుముకు టేపు పెట్టి చూడండి, తేడా ఉండదు. పొట్ట ఒక్కదాన్నే కరిగించే మూలిక ఏదీ లేదు.

ఇసబ్‌గోల్ చేసేదీ కొంచెమే, కానీ ఎలా చేస్తుందో తెలుసు. ఆ గింజల పొట్టు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, కడుపు నిండినట్టుంటుంది, రెండోసారి అన్నం వడ్డించుకోబుద్ధి కాదు. భోజనానికి అరగంట ముందు ఒక చెంచా, పెద్ద గ్లాసు నీళ్లతో తాగాలి. నీళ్లు తక్కువైతే గొంతుకు అడ్డం పడుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు నాలుగు గంటల ఎడం పాటించాలి.

బరువు తగ్గడానికి కొందరు అడిగే గుగ్గులు (ఒక చెట్టు జిగురు) వైద్యుడు చూసి ఇవ్వాల్సిన మందు, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆయుర్వేద ఆసుపత్రిలో అడగండి. లావెక్కడానికి అశ్వగంధ అడిగేవాళ్లకు: గర్భిణులు, థైరాయిడ్ ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఇప్పటికే గార్సీనియా వాడుతున్నవాళ్లకు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లి ఎల్ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోండి. ఆ డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి, మూలికలే కదా అని చెప్పకుండా ఉండొద్దు.