జాయింట్ పీహెచ్‌డీయా, కో-గైడా?

చరిత్ర, సాహిత్యం, సోషియాలజీ లాంటి సబ్జెక్టుల్లో పీహెచ్‌డీకి సిద్ధమవుతున్నవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఇదే. రెండు యూనివర్సిటీల్లోనూ రిజిస్టర్ అయి జాయింట్‌గా చేయాలా, ఒకచోట చేరి రెండో చోటి నుంచి కో-గైడ్‌ను పెట్టుకోవాలా?

జాయింట్‌కు ఆకర్షణ ఎక్కువే. ఫ్రాన్స్‌లో దీన్ని కోతుతెల్ అంటారు. విదేశీ యూనివర్సిటీలతో కలిసి చేయడానికి అక్కడ 1994లోనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. థీసిస్ ఒకటే, గైడ్‌లు ఇద్దరు, మామూలుగా వైవా కూడా ఒకటే. రెండు లైబ్రరీలూ మీవే. చిక్కంతా రూల్స్ దగ్గర. బ్రిటన్‌లో వైవా అంటే తలుపులు మూసిన గదిలో మీరు, సాధారణంగా ఇద్దరు పరీక్షకులు. ఫ్రాన్స్‌లో అది అందరి ముందు జరుగుతుంది. నెదర్లాండ్స్‌లోనైతే టైమ్ అయిపోగానే దండం పట్టుకున్న అధికారి వచ్చి 'హోరా ఎస్ట్' (లాటిన్‌లో 'సమయమైంది') అంటారు, మీరు జవాబు మధ్యలో ఉన్నా సరే. ఏ పద్ధతిలో వైవా, ఏ భాషలో థీసిస్, ఫీజు ఎక్కడ కట్టాలి అన్నవన్నీ మొదటి ఏడాదిలోనే ఒప్పందంలో రాయించుకోవాలి.

అయినా నా లెక్కలో అసలు సంగతి ఇది కాదు. మీ డ్రాఫ్ట్ మీద చివరి మాట ఎవరిది? ల్యాబ్ సబ్జెక్టుల్లో పని పంచుకోవచ్చు, ఒకచోట శాంపిల్స్, ఇంకోచోట పరీక్షలు. మన సబ్జెక్టుల్లో వాదనే పని, దాన్ని చెరిసగం చేయలేం.

నా రెండో అధ్యాయం ఇద్దరికీ ఒకేరోజు పంపాను. 'థియరీ తగ్గించి ఇంటర్వ్యూలతో మొదలుపెట్టు' అన్నారు గైడ్. మూడు వారాల తర్వాత కో-గైడ్ నుంచి వచ్చిన కాపీలో, సరిగ్గా అదే పేజీ అంచున, 'థియరీ చాలలేదు' అని ఉంది. నాది కో-గైడ్ పద్ధతి కాబట్టి గైడ్ మాటే చెల్లింది, రెండో అభిప్రాయం ఒక పొడవాటి ఫుట్‌నోట్ అయింది. జాయింట్‌లో చేరిన నా స్నేహితురాలికి ఇలాంటిదే ఎదురైతే, ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. సంతకాలు పడేసరికి ఎనిమిది నెలలు పోయాయి. ఆ టెన్షన్ చూశాక నేను కో-గైడ్ వైపే మొగ్గాను.

అలాగని ఇదేమీ సుఖం కాదు. చాలాచోట్ల బయటి విద్యార్థికి కో-గైడ్‌గా ఉన్నందుకు సొంత యూనివర్సిటీలో పనిభారమేమీ తగ్గించరు, అందుకే మీ మెయిల్ అడుగున పడిపోతుంది. ఏడాదికి ఎన్ని అధ్యాయాలు చదువుతారో, ఎన్ని వారాల్లో తిరిగిస్తారో చేరకముందే మొహమాటం లేకుండా అడగండి.

యూరప్‌లో మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లూ ఉన్నాయి, అంటే యూరోపియన్ యూనియన్ డబ్బుతో కొన్ని సంస్థలు కలిసి నడిపే పీహెచ్‌డీ ప్రోగ్రామ్‌లు. జీతం బాగానే వస్తుంది గానీ, టాపిక్ చాలావరకు ముందే ఖాయమై ఉంటుంది. పైగా చేరబోయే దేశంలో అంతకుముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. కొన్నాళ్ల ఆర్కైవ్ పని ఒక్కటే కావాలంటే విజిటింగ్ విద్యార్థిగా వెళ్లొస్తే సరి.

జాయింటే కావాలనిపిస్తే, ఆ ఇద్దరు గైడ్‌లూ ఇంతకుముందు కలిసి ఒక్క వ్యాసమైనా రాశారేమో చూడండి. రాసి, ఇంకా మాట్లాడుకుంటూనే ఉంటే, నేను వద్దనను.